కింది పళ్లెంలో పలుకు: పాత గ్యాస్ స్టీమ్ కుక్కర్ బాగుచేసిన డైరీ

మే 6

యంత్రం ఈ రోజు వంటశాల వెనుక వసారాలోకి చేరింది. మూతపడిన ఒక కర్మాగారం క్యాంటీన్ సామాను వేలంలో దొరికింది. నిలువెత్తు స్టీలు బీరువాలా ఉంది. పైన ఒకదాని మీద ఒకటిగా రెండు గదులు, ఒక్కొక్క గదికి చక్రం తిప్పి బిగించే బరువైన తలుపు, అడుగున గ్యాస్ మంటతో పనిచేసే చిన్న బాయిలర్. తిరుమల అన్నప్రసాద కేంద్రం వంటి పెద్ద వంటశాలల్లో ఆవిరి పుట్టే చోటు వేరు, వంట జరిగే చోటు వేరు, మధ్యలో గొట్టాలు. ఇక్కడ ఆ మొత్తం ఏర్పాటు ఒకే పెట్టెలో ఇమిడి ఉంది.

రేకు మీద చెక్కిన అంకెలు తుడిచి చదివాను. పని పీడనం చదరపు సెంటీమీటరుకు 0.35 కిలోలు, డిజైన్ పీడనం, అంటే తట్టుకునేలా కట్టిన హద్దు, 0.7, బాయిలర్‌లో నీరు 22 లీటర్లు, బర్నర్ శక్తి 24 కిలోవాట్లు.

ఇది ఎందుకు కావాలో ముందే రాసి పెట్టుకుంటాను. అనంతపురంలోని ఈ వసతి గృహంలో 320 మంది పిల్లలు ఉంటారు. పూటకు 42 కిలోల బియ్యం వండాలి. పెద్ద గుండిగల్లో ఉడికించి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని వంచి గంజి వారుస్తారు. కిందటి ఏడాది ఒక సహాయకురాలి చేతిలోంచి మసిగుడ్డ జారి, మరుగుతున్న గంజి రెండు పాదాల మీద పడింది. ఆమె నెల రోజులు నడవలేకపోయింది. ఐటీఐలో ముప్పై ఏళ్లు ఫిట్టరు పని నేర్పినవాణ్ణి. రోజూ సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పడానికి ఇక్కడికే వస్తాను. ఆ గుండిగలు చూస్తూ ఊరుకోలేకపోయాను. వంచే పని లేకుండా అన్నం వండే దారి ఉందని తెలిసి కూడా ఏమీ చేయకపోవడం నాకు సరిగా అనిపించలేదు. జూన్‌లో బడులు తెరిచే లోపు యంత్రం సిద్ధం కావాలి.

మే 9

ముందుగా బర్నర్ విప్పాను. వరుసగా ఆరు ఇనుప గొట్టాలు, ప్రతి దాని మొదట్లో ఇత్తడి జెట్. జెట్‌లోని సన్నని రంధ్రం నుంచి గ్యాస్ వేగంగా దూసుకొస్తూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుని గొట్టంలోకి తీసుకుపోతుంది. గాలి, గ్యాస్ అక్కడ కలిసి, పైన ఉన్న చీలికల దగ్గర నీలి మంటగా మండుతాయి. గాలి చాలకపోతే మంట పసుపు రంగుకు తిరుగుతుంది, మసి కడుతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

ఆరు గొట్టాల్లో నాలుగింటి నోళ్లలో కందిరీగల మట్టిగూళ్లు ఉన్నాయి. యంత్రం వాడకుండా పడి ఉన్న రోజుల్లో కట్టుకున్నవి. ఈ స్థితిలో వెలిగించి ఉంటే గాలి అందక మంట పొయ్యి బయటికి ఎగిసేది. గూళ్లు తవ్వి తీసి, గొట్టాలు నీటితో కడిగి ఎండబెట్టాను. జెట్‌లను తీగతో పొడవలేదు. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ లెక్క మారిపోతుంది. కిరోసిన్‌లో నానబెట్టి, గాలి కొట్టి శుభ్రం చేశాను. పాత యంత్రం తెచ్చుకునే వాళ్లెవరైనా మొదట చూడవలసింది ఇక్కడే.

మే 12

బాయిలర్ పక్కనున్న చేతి రంధ్రం మూత తీసి లైటు వేసి చూస్తే గుండె జారింది. లోపల అంతా తెల్లటి పెంకు. మా ప్రాంతంలో ‘ఉప్పు పట్టడం’ అంటారు. అసలు సంగతి సున్నం: బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బనేట్ వేడికి విడిపోయి, కాల్షియం కార్బనేట్‌గా లోహానికి అంటుకుంటుంది. ఆవిరిగా పోయేది నీరు ఒక్కటే, నీటిలోని లవణమంతా బాయిలర్‌లోనే మిగిలిపోతుంది. మా బోరు నీటి కాఠిన్యం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటింది. అంటే వంద లీటర్లు ఆవిరైతే యాభై గ్రాముల సున్నం లోపల చేరినట్టే.

పొర మందం కొన్నిచోట్ల రెండు మిల్లీమీటర్లు ఉంది. స్టీలుతో పోలిస్తే ఈ పెంకు వేడిని చాలా నెమ్మదిగా పోనిస్తుంది. దాంతో గ్యాస్ వృథా అవుతుంది. అంతకన్నా ముఖ్యంగా, మంట తగిలే రేకు వేడిని నీటికి ఇవ్వలేక తానే కాలిపోతుంది. బాయిలర్లు ఉబ్బడానికీ చిల్లులు పడడానికీ ఇదొక పెద్ద కారణం.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుతోనే కరిగించాను. లెక్క ఇలా వేశాను: ఒక కిలో సున్నపు పెంకు కరగడానికి సుమారు కిలో నాలుగు వందల గ్రాముల నిమ్మ ఉప్పు పడుతుంది. ఒకేసారి చిక్కగా కలిపితే కాల్షియం సిట్రేట్ తెల్లని మడ్డిగా అడుగున పేరుకుంటుంది. అందుకే ఇరవై లీటర్ల గోరువెచ్చని నీటికి కిలో చొప్పున కలిపి, నురగ ఆగేదాకా ఉంచి, వంపేసి, మళ్లీ పోశాను. మూడు విడతలు పట్టింది. చివర వంటసోడా నీటితో ఒకసారి, మంచినీటితో మూడుసార్లు కడిగాను. సాయంత్రానికి లోపలి లోహం కనిపించింది. వెల్డింగు అతుకులన్నీ అద్దం పెట్టి చూశాను. ఎక్కడా పగులు లేదు.

మే 17

పెద్దాయన వచ్చారు. రైసు మిల్లులో ఉప్పుడు బియ్యానికి ఆవిరి పట్టే బాయిలర్ దగ్గర జీవితమంతా పనిచేసిన మనిషి, సర్టిఫికెట్ ఉన్న బాయిలర్ అటెండెంటు. ఆయన సమ్మతి లేకుండా దీని కింద మంట పెట్టకూడదని మొదటి రోజే అనుకున్నాను.

చట్టం సంగతి కూడా ఆయనతో మాట్లాడాను. మన దేశంలో 1923 నాటి బాయిలర్ల చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం వచ్చింది. 25 లీటర్ల కన్నా తక్కువ పట్టేవి, చదరపు సెంటీమీటరుకు ఒక కిలో కన్నా తక్కువ పీడనం మీద పనిచేసేవి ఆ చట్టం చెప్పే ‘బాయిలర్’ కిందికి రావు. మాది రెండు విధాలా ఆ గీత లోపలే ఉంది. పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు.

“గీత కాగితం మీద ఉంటుంది తమ్ముడూ. పక్కన నిలబడేది ఆడబిడ్డలు. నీటి పరీక్ష చెయ్యాల్సిందే.”

చేశాం. బాయిలర్‌ను, గదులను గాలి బుడగ మిగలకుండా చన్నీటితో నింపి, సేఫ్టీ వాల్వు తీసి ఆ చోటు బిరడాతో మూసి, చేతి పంపుతో డిజైన్ పీడనానికి ఒకటిన్నర రెట్లు, అంటే 1.05 దాకా ఎక్కించి అరగంట ఉంచాం. నీటితోనే ఎందుకంటే, నీరు నొక్కితే నొక్కుబడదు. అతుకు విడిపోతే ఒక చిమ్ము చిమ్మి పీడనం పడిపోతుంది. అదే వేడి బాయిలర్ అయితే లోపలి 22 లీటర్ల నీరూ 108 డిగ్రీల దగ్గర ఉంటుంది. పీడనం ఒక్కసారిగా పోతే అందులో మూడో వంతు లీటరు నీరు క్షణంలో ఆవిరై, అర ఘనపు మీటరుకు పైగా విస్తరిస్తుంది. ఇంత తక్కువ పీడనంలోనే ఈ లెక్క.

పీడనం చూపే గేజీ ముల్లు కదల్లేదు. పెద్దాయన ప్రతి అతుకు మీదా అరచేయి ఆనించి చూసి, తడి లేదని తల ఊపారు.

సేఫ్టీ వాల్వు తిరిగి బిగించే ముందు విడిగా పరీక్షించాను. 0.5 దగ్గర తెరుచుకోవాలి, 0.52 దగ్గర తెరుచుకుంది. చాలు. ఈ వాల్వును చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు డెనిస్ పాపిన్ గుర్తొస్తాడు. ఫ్రాన్సులో పుట్టిన ఆ వైద్యుడు 1679లో లండన్ రాయల్ సొసైటీ ముందు, ఎముకలను కూడా మెత్తగా ఉడికించే మూతబిగించిన పాత్రను చూపించాడు. ఒక చివర బరువు వేలాడదీసిన తులాదండంతో ఆవిరిని అవసరమైనప్పుడు వదిలే ఏర్పాటు దానికి చేశాడు. మన ఇళ్లలో కుక్కరు మీద కూర్చునే వెయిట్ కూడా ఆ బుద్ధికి పుట్టినదే. వంటకు పీడనం వాడాలన్న ఆలోచనతో పాటే దాన్ని అదుపు చేయాలన్న ఆలోచన ఒకే మనిషికి రావడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

మే 20

గ్యాస్ లైను. సిలిండర్లు బయట గోడ అవతల, కప్పు కింద. ఎల్పీజీ గాలి కన్నా బరువు, కారితే నేల మీద పాకుతుంది. అందుకే వంటశాల గోడకు నేల మట్టాన రెండు జాలీలు పెట్టించాం. ప్రతి అతుకుకూ సబ్బు నీరు పూసి చూశాను. ఒక్కచోట బుడగలు వచ్చాయి, విప్పి మళ్లీ బిగించాను.

యంత్రం తనను తాను ఎలా కాపాడుకుంటుందో వంట చేసే వాళ్లకు చెప్పడం కోసం, మొత్తం గొలుసును ఒకసారి నడిపించి చూశాను.

మొదట పైలట్ మంట. దాని నాలుక ఒక చిన్న థర్మోకపుల్ మొనను ఎప్పుడూ కాలుస్తూ ఉంటుంది. రెండు లోహాల అతుకు వేడెక్కితే అందులో కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది, ఆ కాస్త శక్తితోనే ఒక అయస్కాంతం గ్యాస్ వాల్వును తెరిచి పట్టుకుంటుంది. మంట ఆరితే మొన చల్లబడుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, గ్యాస్ మూసుకుంటుంది. పైలట్‌ను ఊది ఆర్పి గడియారం చూశాను. ఇరవై ఎనిమిది సెకన్లలో ‘టక్’మని మూసుకుంది.

తరువాత నీటి మట్టం. బాయిలర్ పక్కనున్న చిన్న గదిలోకి పొడవు తేడా ఉన్న మూడు స్టీలు కడ్డీలు దిగి ఉంటాయి. నీటి గుండా కడ్డీ నుంచి ఆ గది గోడకు విద్యుత్తు పారితే అక్కడి దాకా నీరు ఉన్నట్టు. పొట్టి కడ్డీ తడిస్తే నీరు రావడం ఆగుతుంది, మధ్య కడ్డీ మొన నీటి బయటపడితే నీరు వస్తుంది, పొడుగు కడ్డీ మొన కూడా బయటపడితే బర్నర్ ఆరిపోతుంది. పొడుగు కడ్డీ మీద సున్నం పడితే నీరున్నా లేనట్టే చూపిస్తుంది, యంత్రం ఆగిపోతుంది. దానివల్ల వంట ఆలస్యమవుతుంది, అంతే. భయపడవలసింది దీనికి తిరగబడిన తప్పుకు: కడ్డీని పట్టి ఉంచే పింగాణీ మీద మురికి, తడి పేరుకుంటే దాని మీదుగానే విద్యుత్తు పారి, నీరు లేకున్నా ఉన్నట్టు చూపిస్తుంది. అందుకని గాజు గొట్టంలో నీటి మట్టాన్ని కళ్లతో చూడకుండా వెలిగించకూడదని సహాయకులందరికీ చెప్పాను.

మూడోది ప్రెషర్ స్విచ్. 0.28కి దిగితే పెద్ద మంట వెలిగిస్తుంది, 0.35కి చేరితే ఆర్పుతుంది.

ఈ రోజు సాయంత్రం నాలుగింటికి వెలిగించాం. నీలి మంట ఆరు వరుసలుగా పరుచుకుంది. పదకొండు నిమిషాలకు గేజీ కదిలింది, పధ్నాలుగో నిమిషానికి 0.35. పెద్దాయన ఏమీ మాట్లాడకుండా బర్నర్ శబ్దం వింటూ కూర్చున్నారు.

మే 22

ఇక పై గదులు. గాస్కెట్లు నీటి పరీక్షకు నిలిచినా, ఎండి బీటలు వారుతున్నాయి, ఆహారానికి పనికొచ్చే సిలికాన్ తాడు తెప్పించి కొత్తవి వేశాను. తలుపు లోపలి కొలత 50 సెంటీమీటర్లు, 30 సెంటీమీటర్లు. అంటే 1,500 చదరపు సెంటీమీటర్లు. ఒక్కొక్క దాని మీద 0.35 కిలోల చొప్పున మొత్తం తలుపును బయటికి నెట్టే బలం 525 కిలోలు, అర టన్నుకు పైనే. గేజీ మీద చిన్నగా కనిపించే అంకె ఇంత పని చేస్తుంది. పీడనం పూర్తిగా దిగేదాకా చక్రం తిరగకుండా ఒక కొక్కెం అడ్డుపడుతుంది. దాన్ని విప్పి, తుడిచి, స్ప్రింగు కొత్తది వేశాను. దాని మీద ఎవరూ ఎన్నడూ చేయి పెట్టకూడదు.

వంట వరుస ఇది. పళ్లేలు పెట్టి, తలుపు బిగించి, టైమరు తిప్పితే ఆవిరి వాల్వు తెరుచుకుంటుంది. గది నిండా అప్పటికి గాలి ఉంటుంది. ఆవిరి తేలిక, గాలి బరువు. పైనుంచి దిగే ఆవిరి గాలిని కిందికి నెడుతుంది, అడుగున ఉన్న రంధ్రం నుంచి గాలి బయటికి పోతుంది. ఆ దారిలోనే స్టీమ్ ట్రాప్ ఉంటుంది. దాని లోపల కొద్దిగా ద్రవం నింపిన చిన్న లోహపు డొల్ల. నీటి కన్నా కొంచెం ముందే మరిగే ద్రవం అది. చల్లని గాలి, నీరు తగిలినంతసేపు డొల్ల ముడుచుకుని దారి తెరిచి ఉంచుతుంది. వేడి ఆవిరి తగలగానే ఉబ్బి దారి మూస్తుంది. అంటే గాలినీ నీటినీ పోనిచ్చి, ఆవిరిని మాత్రం ఆపుతుంది. టైమరు మోగాక ఆవిరి వాల్వు మూసుకుని, విడుదల వాల్వు తెరుచుకుని, కాలువలో చన్నీటి జల్లు పడి, వచ్చిన ఆవిరిని అక్కడికక్కడే నీరుగా మారుస్తుంది.

మే 24

మొదటి వంట. వంటశాల బాధ్యత చూసే అమ్మ తన పద్ధతిలోనే కొలిచి బియ్యం, నీళ్లు పోసింది. మూడు పళ్లేలు, పళ్లేనికి నాలుగు కిలోల సోనా మసూరి. ఇరవై అయిదు నిమిషాలకు తలుపు తీస్తే పై పళ్లెం ముద్ద. మధ్యది మెత్తన. కింది పళ్లెం అన్నంలో పలుకు!

ముద్ద అవడానికి కారణం అక్కడే తట్టింది. ఒక కిలో నీటిని గది వేడి నుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 290 కిలోజౌళ్లు చాలు. దాన్నే ఆవిరిగా మార్చడానికి ఇంకా 2,240 దాకా కావాలి. ఆ దాచిన వేడినంతా, మన పాఠ్యపుస్తకాల్లో గుప్తోష్ణం అనేదాన్ని, ఆవిరి చల్లని బియ్యం మీద తిరిగి నీరైనప్పుడు ఒక్కసారిగా అప్పగిస్తుంది. ఆవిరి వంట వేగమంతా అందులోనే ఉంది. కానీ వేడితో పాటు నీరు కూడా పళ్లెంలోకి వచ్చి చేరుతుంది. పన్నెండు కిలోల బియ్యం, దాని నీరు వేడెక్కడానికి నా లెక్కన మూడు, నాలుగు కిలోల ఆవిరి పడుతుంది. అందులో కొంత నేరుగా అన్నంలోకి వస్తుంది. కాబట్టి పొయ్యి మీది కొలత కన్నా నీళ్లు తగ్గించాలి.

“ఆవిరి తాగే నీళ్లు కూడా లెక్కలో పెట్టుకోవాలన్న మాట” అంది అమ్మ. ఇక ఆ కొలత ఆమె చూసుకుంటుంది, నేను చెప్పవలసింది లేదు.

పలుకు సంగతి మాత్రం అర్థం కాలేదు. గేజీ 0.35 చూపుతూనే ఉంది.

మే 26

ఈ రోజు కందిపప్పు. కింది పళ్లెంలో పప్పు గింజలు గింజలుగా నిలిచింది. నీటి కాఠిన్యం మీదకు నా అనుమానం పోయింది. అందులో తప్పు లేదు: పప్పు గింజ కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం గట్టిపరుస్తుంది, బోరు నీళ్లలో పప్పు ఉడకదని ప్రతి ఇంట్లో తెలిసిన మాటే. శుద్ధి చేసిన మంచినీళ్ల క్యాన్లు తెప్పించి మళ్లీ వండాం. పై రెండు పళ్లేలూ వెన్నలా ఉన్నాయి. కిందిది కొంచెం మెరుగు, అంతే.

నేను బియ్యం రకం, పళ్లెం మందం, టైమరు అన్నీ తిరగేస్తుంటే అమ్మ ఒక మాట అంది:

“సార్, వండేది ఏదైనా సరే, పలుకు ఉండేది కింది పళ్లెంలోనే. పైదాన్ని కిందికి మార్చి చూశాను, అప్పుడు అదే ఉడకలేదు. తప్పు పప్పుది కాదు, ఆ చోటుది.”

ఈ పరీక్ష నేను చేసి ఉండాల్సింది. మూడు రోజుల నా ఆలోచన కన్నా ఆమె మార్చి పెట్టిన ఆ రెండు పళ్లేలు ఎక్కువ చెప్పాయి.

మే 29

గది గోడకు గేజీ కోసం విడిచిన ఒక రంధ్రం వాడకుండా ఉంది. అందులోంచి మూడు సన్నని థర్మోకపుల్ తీగలు పంపి, ఆవిరి కారకుండా గ్లాండ్ అనే బిగింపు వేసి, పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి వేలాడదీశాను. ముందుగా మూడింటినీ మరిగే నీటిలో ముంచి సరిచూశాను. అనంతపురం సముద్ర మట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీరు 99 దగ్గరే మరుగుతుంది. మూడూ అంతే చూపాయి.

గది ఖాళీగా ఉంచి ఆవిరి వదిలాను. పది నిమిషాలకు గేజీ 0.35. పై తీగ 106 డిగ్రీలు, మధ్య తీగ 101, కింది తీగ 91.

91 అంటే మరిగే నీటి కన్నా చల్లన. ప్రెషర్ కుక్కర్ లోపల!

గేజీ అబద్ధం చెప్పలేదు. అది మొత్తం పీడనాన్ని చూపుతుంది. అందులో ఆవిరి వాటా ఎంత, గాలి వాటా ఎంత అన్నది దానికి తెలియదు. వేడిని నిర్ణయించేది ఆవిరి వాటా ఒక్కటే. గదిలో వట్టి ఆవిరే ఉంటే ఈ పీడనం దగ్గర 107 దాటాలి. నాలుగో వంతు గాలి కలిస్తే 99 దగ్గర ఆగుతుంది. సగం గాలి ఉంటే 88. కింది తీగ దగ్గర సగానికి దగ్గరగా గాలే ఉందన్న మాట. పైగా ఆవిరి పళ్లెం మీద నీరుగా మారిన ప్రతిసారీ, దానితో వచ్చిన గాలి అక్కడే పొరగా మిగిలి, వెనుక వచ్చే ఆవిరిని తాకనివ్వదు. ఇంట్లో కుక్కరు పెట్టినప్పుడు ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగి వెయిట్ పెట్టమని పెద్దవాళ్లు చెప్పేది ఇందుకే. ముందు గాలి పోవాలి.

మరి మా గాలి ఎందుకు పోలేదు? అడుగున ట్రాప్ విప్పాను. డొల్ల బాగానే ఉంది. మరిగే నీటిలో ముంచితే ఉబ్బింది, చన్నీటిలో ముడుచుకుంది. దాని ముందున్న జల్లెడ తీసి చూస్తే చిల్లులు కనిపించలేదు. ఏళ్ల తరబడి పొంగిన గంజి ఎండి, వార్నీషులా గట్టిపడి దాన్ని మూసేసింది. జల్లెడ నుంచి ట్రాప్ దాకా ఉన్న గొట్టంలో పెన్సిలు దూరేంత సందు మాత్రం మిగిలింది. నీరు చుక్కలుగా కారుతూనే ఉంది కాబట్టి పనిచేస్తున్నట్టే కనిపించింది. చివరి చుక్క దాకా నీటిని పోనిచ్చిన ఆ సందు, మొదటి నిమిషాల్లో గది నిండా ఉన్న గాలిని పంపడానికి చాలలేదు.

రాత్రి ఎనిమిది అయింది. పెద్దాయనకు ఫోను చేసి చెప్పాను. మిల్లులో వడ్ల తొట్టి అడుగు భాగం ఉడకనప్పుడు వాళ్లు కూడా మొదట చూసేది గాలి పోయే దారినేనట.

జూన్ 2

గొట్టం మార్చాను. అర అంగుళం బదులు ముప్పావు అంగుళం, వంపు ఒక్కటే. జల్లెడను చేత్తో తిప్పి తీసేలా తలుపు దగ్గరకు తెచ్చాను. పాత జల్లెడ చేరాలంటే రెండు పానాలు, ఒక టార్చిలైటు కావాలి. రోజూ అలసిపోయి గిన్నెలు కడిగే మనిషి అంత పని చేయదు, చేయమనడం న్యాయం కూడా కాదు. ఇప్పుడైతే రాత్రి చివరి వంట అయ్యాక తీసి, వేడినీటిలో రుద్ది, తిరిగి పెట్టడం రెండు నిమిషాల పని.

మళ్లీ తీగలు వేలాడదీశాను. నాలుగో నిమిషానికి పైన 107, మధ్యన 107, అడుగున 106.

వెంటనే కందిపప్పు పెట్టాం. మూడు పళ్లేలూ అక్కడే తెరిచి గరిటెతో అదిమి చూశాం. అమ్మ కింది పళ్లెం దగ్గరే ఎక్కువసేపు ఉంది. ఒక గింజ వేళ్ల మధ్య నలిపి, ఇంకో మూల నుంచి ఇంకొకటి తీసి నలిపింది.

ఇడ్లీ కూడా ఒక విడత వేశాం. దానికి పీడనం పనికిరాదు. పీడనం వదిలిన క్షణంలో ఇడ్లీ లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై, పొంగిన ఇడ్లీ కుంగి పగిలింది. విడుదల వాల్వు తెరిచే ఉంచి, పీడనం కట్టకుండా ఆవిరి పారిస్తే చక్కగా వచ్చాయి. ఇంట్లో వెయిట్ లేకుండా ఇడ్లీ పెట్టడం లాంటిదే.

జూన్ 7

సహాయకులు నలుగురికీ నేర్పడం ఈ రోజంతా. ఒకే ఒక్క విషయం మీద గంట గడిపాను: తలుపు తీయడం. గేజీ సున్నా అయ్యాక, కీళ్ల వైపు నిలబడి, ముందు తలుపును వేలెడంత మాత్రమే తెరిచి ఆగాలి. తెల్లగా కనిపించే పొగ ఆవిరి కాదు, అది చల్లబడి ఏర్పడిన నీటి తుంపర. అసలు ఆవిరి కంటికి కనిపించదు. గొట్టం మూతికీ తెల్లని మేఘానికీ మధ్య ఖాళీగా కనిపించే ఆ చోటే అన్నిటికన్నా ఎక్కువ కాలుస్తుంది. ఒక కర్రకు గుడ్డ ముక్క కట్టి ఆ ఖాళీలో పెట్టి చూపించాను. క్షణంలో తడిసి పొగలు కక్కింది. పాదాలు కాలిన ఆమె కూడా వచ్చింది. అందరికన్నా ముందు తనే తలుపు తీస్తానంది, తీసింది.

రోజూ రాత్రి బాయిలర్ అడుగు కొళాయి తెరిచి అయిదు లీటర్లు వదిలేయడం కూడా నేర్పాను. అడుగున చేరే మడ్డి, చిక్కబడిన ఉప్పునీరు దానితో పోతాయి.

జూన్ 14

పిల్లలు వచ్చిన రెండో రోజు. 42 కిలోల బియ్యం, రెండు గదుల్లో రెండు విడతలు, పప్పు, కూరగాయలు విడిగా. గంజి వార్చే పని లేదు. గుండిగలను అటక మీదికి ఎక్కించారు.

సిలిండర్‌ను తూకం మీద పెట్టి పొద్దున, రాత్రి చూశాను. రెండు పూటలకు కలిపి 4.6 కిలోల గ్యాస్. పూర్తి మంట మీద ఈ బర్నర్ గంటకు రెండు కిలోల లోపే తీసుకుంటుంది. అంటే రోజంతటికీ అది నిండుగా మండింది రెండున్నర గంటలే.

మిగిలిన పనులు: బోరు నీటికి మెత్తబరిచే ఫిల్టరు కొనాలి, అప్పటిదాకా బాయిలర్‌కు మంచినీళ్ల క్యాన్లే. నెలకు ఒకసారి నీటి కడ్డీలు, వాటి పింగాణీలు విప్పి తుడవాలి. పై గది గాస్కెట్ ఎడమ మూలలో సన్నగా ఆవిరి వస్తోంది. తలుపు చక్రం మరలో అరుగుదల ఉన్నట్టుంది, ఆదివారం విప్పి చూస్తాను. జల్లెడ నిన్న రాత్రి తీశారో లేదోనని ఈ ఉదయం వెళ్లి చూస్తే, కడిగి, ఆరబెట్టి, దాని పక్కనే గుడ్డ మడిచి పెట్టి ఉంది.